ఆవిరిగదిలో కళ్లజోడు

ఔలు ఆసుపత్రి, ఫిన్లాండ్, గురువారం

నాన్నా, అక్క కొడుకు, మీ మనవడు ఆర్వోకి నిన్న ఆపరేషన్ అయింది, కులాసాగా ఉన్నాడు. ఇలాంటివి కార్డు మీద కాకుండా కవరులో రాయమంటుంది అమ్మ. పోస్టావిడ చదివితే చదవనీ, ఆమెకీ మనవలున్నారు. వృషణం కిందికి దిగకపోతే ఏడాది వయసులోనే ఆపరేషన్ చేయించాలని కరపత్రం చదివి వినిపించానా లేదా? "కత్తెందుకురా, కాగితాల డాక్టరూ! ఆవిరిగది వేడికి అదే దిగుతుంది. శనివారం స్నానంలో రెండూ చూశాను" అని మీరు అక్కను నాలుగేళ్లు ఆపారు. "ఇది గజ్జలోనే ఇరుక్కుంది, ఎంత కాచినా దిగేది కాదు" అంది సర్జనమ్మ. ఆవిరికి మసకేస్తుందని కళ్లజోడు తలుపు బయటే పెట్టి వెళ్లే మనిషి, అసలేం చూశారు నాన్నా?

శనివారం బస్సుకు వాణ్ణి తీసుకొస్తున్నాం. గాయం మానేదాకా వాడికి ఆవిరిగది వద్దన్నారు. మీరొక్కరే వెళ్లినా ఏడ్చి వెంటపడతాడు. ఈ ఒక్కసారికి ఆవిరిగది పొయ్యి వెలిగించకండి, బతిమాలుతున్నాను. కుక్క కాలు నయమైందా?

మత్తు దిగగానే వాడు అన్నదొకటే: "మామా, తాతకు చూపిస్తా. కళ్లజోడు తెచ్చుకోమను."

అమ్మకు దండాలు. మీకూ, కోపంతోనే. బస్సు దగ్గరికి కళ్లజోడు పెట్టుకునే రండి.

ఉర్హో