దున్నని గుట్ట మీద కౌస్ దుంపలు

అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం, దిగులు పడకు. తుంటి నొప్పి తగ్గిందో లేదో అక్క చేత రాయించు.

నీకు బదులు దుంపల తవ్వకానికి నన్ను ముందు నడవమన్నావు గానీ, మొదటి రోజే నా గుండె జారిపోయింది. మనం ఏటా వాటంతట అవే మొలిచే కౌస్ దుంపలు తవ్వుకునే నేలను ఎవరో గోధుమ కోసం ట్రాక్టరు పెట్టి దున్నేశారు. కౌస్ మొక్కల పసుపు పువ్వు ఒక్కటీ లేదు. వచ్చిన ఆడవాళ్లంతా నా మొహమే చూస్తూ నిలబడ్డారు. "మీ అమ్మయితే ఈపాటికి ఏదో ఒకటి చెప్పేదే," అంది వయోలా పిన్ని.

ట్రాక్టరు ఎక్కలేని చోటు చూద్దామని సేజ్ పొదల్లోంచి రాళ్ల గుట్ట ఎక్కాను. అవతలి వాలంతా పసుపే అమ్మా. రాళ్ల సందుల్లో జానెడేసి మొక్కలు, నిండా పూలు. కేకేసి అందరినీ పైకి పిలిచాను. తవ్వే ముందు నువ్వు పాడే పాట సగంలో మరిచిపోతే పిన్నే అందుకుంది. మొదటి దుంప నేను తవ్వాను. ఆదివారం జరిగే కొత్త దుంపల విందుకు సరిపడా దొరికాయి, ఇంకా తవ్వుతున్నాం.

ఎండబెట్టడానికి చాపలు చాలడం లేదు. శనివారం వచ్చే బండిలో రెండు చాపలు, కాస్త ఉప్పు పంపించు. గుర్రం పిల్ల పాలు తాగుతోందా?

పిన్ని నీతో చెప్పమంది: "నీ కూతురు నీ అంత గట్టిగా అరవదు గానీ, నీకంటే ఎత్తు ఎక్కించింది. మోకాళ్లు పోయాయి."

పెద్దవాళ్లంతా రోజూ నీ కోసం ప్రార్థిస్తున్నారు.

నీ రోసీనా