నాన్న కళ్లజోడు పెట్టెలో పదకొండు మాత్రలు

తమ్ముడూ, గ్యాస్ కట్టెయ్యి, ఆరేసిన బట్టలు తియ్యి, సాయంత్రం నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

వేళకి మోగి, మూత తీసిన ప్రతిసారీ లెక్క రాసుకునే ఆ మాత్రల డబ్బాని నమ్మకు. మూత తెరిస్తే మాత్ర వేసుకున్నట్టేనని ఏడాదిపాటు పరిశోధించి తేల్చిన మహామేధావి మీ అక్కే. ఇందాక నాన్న కళ్లజోడు పెట్టెలో పదకొండు బీపీ మాత్రలు దొరికాయి.

"వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయమ్మా. నీ లెక్క చెడిపోకూడదని మూత మాత్రం రోజూ తీశాను" అన్నాడు.

మన వంశంలో మొదటి డిగ్రీ ఇలా వెలిగింది! ఈరోజు నా పరిశోధన చదవాల్సిన సదస్సులో నా లెక్క తప్పని నేనే చెప్పేస్తాను. నవ్వితే నవ్వనీ.

ఇంకొక్క మాట. ఏడాదిగా నేను డబ్బానే అడిగాను, నాన్నని ఒక్కసారీ అడగలేదు. నువ్వైనా ఆయన్ని మరిచిపోకు.