మగగొంతు రాణి

పామర్‌స్టన్ నార్త్,
ఆదివారం.

అన్నయ్యా,

నీకూ వదినకూ నీ చెల్లెలు సరోజ నమస్కారాలు. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? చిన్నత్త దగ్గు తగ్గిందా? నా గురించి బెంగపడకండి. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ అలవాటైంది, వేళకు తింటున్నాను. ఈ పరాయి దేశపు ఊరి గాలి మాత్రం దేన్నీ ఒకచోట ఉండనివ్వదు. బట్టలు ఆరేస్తే పక్కింటి కంచె మీద దొరుకుతాయి. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నా మనసూ అలాగే ఉంది.

ఇక నాటకాల్లో ఆడవేషం కట్టనని, పెంచుకున్న జుట్టు కత్తిరించేస్తానని రాశావు. నాటకాల కాంట్రాక్టరు నీ వేషానికి తెనాలి నుంచి ఒక అమ్మాయిని తెచ్చాడనీ, జనం కూడా "ఇంకా మగాడికి చీరేంటి?" అంటున్నారనీ రాశావు. అది చదివాక వార్డులో ఒక మంచం దగ్గరికని బయలుదేరి ఇంకో మంచం దగ్గర నిలబడుతున్నాను.

నా అవస్థ చూసి, ఫ్లాట్‌లో నాతో ఉండే జపాన్ అమ్మాయి హరుకో నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీకి లాక్కెళ్లింది. వాళ్ల దేశపు పాత సినిమా వేశారు. రాజులు, గుర్రాలు, యుద్ధాలు. నడకంతా స్టేజీ నడకే. పక్కన ఒకాయన కూర్చుని కథ పాడుతుంటాడు. డోలు మీద దెబ్బ పడితే గానీ ఎవరూ అడుగు వేయరు. ఇంతలో రాణి వచ్చింది. నోరు విప్పితే మగగొంతు! హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చేయబోతే హరుకో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

తర్వాత, యుద్ధంలో కొడుకు పోయాడని రాణికి కబురొచ్చింది. ఏడవలేదు, అన్నయ్యా. కొడుకు శిరస్త్రాణం ఒళ్లో పెట్టుకుని, దాని తాడు విప్పి మళ్లీ ముడి వేసింది, పిల్లాడి గడ్డం కింద వేసినట్టు. అంతే. నా ముందున్న కుర్రాడు చిప్స్ నమలడం ఆపేశాడు.

నేను ఏడుస్తుంటే హరుకో, "ఏమైంది?" అంది.

"మా అన్నయ్య కూడా ఇలాగే చేస్తాడు."

"నిజంగానా? మా ఊళ్లో ఇలాంటి నాటకాలు ఆడతారు గానీ నేనెప్పుడూ వెళ్లలేదు. ముసలివాళ్ల కోసమనుకున్నాను," అంది.

ఇంటికొచ్చాక చేసి చూపించమని పట్టుబట్టింది. చున్నీ తల మీద కప్పుకుని, వంటగదిలో నీ పద్యం ఎత్తుకున్నాను. చిన్నప్పటి నుంచి విన్నదే. రెండో పాదానికే గొంతు జారిపోయింది, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆడదాన్నైనంత మాత్రాన వస్తుందా? రాలేదు. ఆ తెనాలి పిల్లకూ రాదు, నువ్వు దగ్గర కూర్చోబెట్టి నేర్పితే తప్ప.

అందుకే ఆ అమ్మాయి మీద అలక మానుకో. నేర్పు. వేషం మాత్రం వదలకు. ఒక ఊళ్లో ఆమె కడితే, ఇంకో ఊళ్లో నువ్వు కట్టు.

ఆగలేక ఈ మధ్యాహ్నం, అక్కడ మీకు తెల్లవారగానే, కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. నీతో చెప్పకుండా చేసినందుకు తిట్టుకో. కాసేపు నసిగి, "సరేనమ్మా, శివరాత్రికి మీ అన్నయ్యే కడతాడు. జనం నవ్వితే మాత్రం నన్ననొద్దు," అన్నాడు. నవ్వితే నవ్వనీ, అన్నయ్యా. ఎంతసేపు నవ్వుతారు?

శివరాత్రికి సెలవు అడిగాను, ఇచ్చారు. హరుకో కూడా వస్తానంటోంది. వదినను ముందు వరసలో చాప పరిచి ఉంచమను.

చిన్నత్తకూ హార్మోనియం మాస్టారికీ నా దండాలు. మీ దీవెనలు నా మీద ఉండాలి. కడతానని ఒక్క మాట ఫోన్‌లో చెప్పు. అది వినేదాకా నాకు కాలు నిలవదు.

నీ చెల్లెలు,
సరోజ