వెనక టేబుల్లో అల్లుడు

8 జూన్ 2025, ఆదివారం. సాయంత్రం 4 గంటలు

మందుల షాపువాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఐదు నెలలు బియ్యం డబ్బా మీద పడున్నాది. ఐదో తరగతి చదివినదాన్ని, డైరీలో ఏటి రాస్తాను అనుకున్నాను. ఈరోజు రాయాలనిపించింది. నవ్వొచ్చింది కాబట్టి.

అల్లుడు కామేష్ వచ్చాడు. ప్రతి ఆదివారం నౌపడ నుంచి బండి మీద వస్తాడు. అక్కడ రైల్వేలో ఉద్యోగం. మా విశాలి డెంగ్యూ జ్వరంతో పోయి రెండేళ్ళు కావస్తున్నాది. రావడం మాత్రం మానలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నేను వంటింట్లో ఉంటాను. మా ఆయన జగన్నాధం కిరాణా కొట్టులో ఉంటాడు. గోడ మీద విశాలి ఫొటో. ఎవరూ మాట్లాడరు. అన్నం పెడతాను, తింటాడు, వెళ్ళిపోతాడు.

ఈరోజు, అత్తా వంట పెట్టకండి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వియత్నాం నూడుల్స్ సూపు షాపు పెట్టారు, చవకే, రండి అన్నాడు. వియత్నాం ఎక్కడున్నాదో నాకు తెలీదు. గాని పాపం ఎన్ని వారాలని ఆ కుర్చీలో కూర్చుంటాడు. వెళ్ళాను.

చిన్న షాపు. ఆరు టేబుళ్ళు, ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళు. అల్లుడు కూర్చుని ఎదురు స్టూలు చూపించాడు. నేను నిలబడిపోయాను.

అల్లుడి ఎదురుగా కూర్చుని ఎలా తింటాను? మా అమ్మ మా ఆయన ముందు ఒక్క ముద్ద తినలేదు. నేనూ అంతే. విశాలి కాపరం చేసిన ఐదేళ్ళూ కామేష్ తిని చెయ్యి కడుక్కున్నాకే నా కంచం పెట్టుకున్నాను. కామేష్‌కి తెలుసు, గాని షాపులో గుర్తు రాలేదు.

వెనక టేబుల్లో కూర్చున్నాను. ఆయనకి వీపు పెట్టి. స్టూళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కొంచెం వెనక్కి వాలితే ఆయన చొక్కా తగుల్తాది. రెండు టేబుళ్ళకి రెండు గిన్నెలు.

షాపు ధనరాజ్‌ది. భావనపాడు కుర్రోడు, ఆరేళ్ళు వియత్నాంలో హోటల్లో వంట చేసి వచ్చాడట. గిన్నె పెడుతూ నన్ను చూసి, ఆయన్ని చూసి, ఏటమ్మా, బండి మీద ఒకేసారి దిగినారు, ఇంతలోకే దెబ్బలాడీసుకున్నారా అన్నాడు.

అప్పుడు నవ్వొచ్చింది.

9 జూన్, సోమవారం

మా ఆయన అడిగాడు, ఏటి తిన్నావే అని. బియ్యం నూడుల్స్, కోడి ముక్కలు, గిన్నెడు నీళ్ళు అన్నాను. నీల్లకి డబ్బులిచ్చీసి ఒచ్చినావా, మన నుయ్యేటి ఎండిపోనాదా అన్నాడు. ఆయన అంతే. గాని మధ్యాహ్నం పచ్చడి బాగున్నాదని రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ పచ్చడి ఆకులు అక్కడివే.

15 జూన్, ఆదివారం

పరువు పోయింది.

పోయినవారం సూపుతోపాటు చిన్న ప్లేటులో ఆకులు, పెసర మొలకలు, నిమ్మచెక్క, మిరపకాయ ముక్కలు ఇచ్చాడు ధనరాజ్. మన కూరగాయల గంగులు తూకం అయ్యాక గుప్పెడు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తాడు కదా. అలాగే అనుకున్నాను. రుమాల్లో మూట కట్టి ఇంటికి తెచ్చీసాను. అదే పచ్చడి.

ఈరోజు మళ్ళీ మూట కడుతుంటే ధనరాజ్ చూసీసాడు. ఓలమ్మా, అది ఇంటికి కాదమ్మా, తుంపి సూపులో ఎయ్యాల, నిమ్మకాయి పిండాల, అప్పుడు సూడు అన్నాడు. షాపు షాపంతా తిరిగి చూసింది. పచ్చడి చేసీసానయ్యా అన్నాను. నాకూ కొంచెం ఎట్టకపోయావా అన్నాడు.

వెనకాల నా వీపుకి ఏదో తగిలింది. అల్లుడి వీపు. ఊగుతున్నాది. ఏడుస్తున్నాడేమోనని భయపడి తిరిగి చూసాను. నవ్వుతున్నాడు. నూడుల్స్ నోట్లో ఉండగానే నవ్వుతున్నాడు, ముక్కులోంచి వస్తాయేమో అన్నట్టు. విశాలి పోయాక ఈ నవ్వు వినడం ఇదే మొదటిసారి.

ఆకులు తుంపి వేసుకున్నాను. తులసిలాంటి రుద్రజడ వాసన, పుదీనా వాసన. అడుగున కాల్చిన అల్లం, అనాసపువ్వు. చారు కాదు, పులుసు కాదు. జలుబు చేసినప్పుడు మా అమ్మ ఇచ్చే వేడినీళ్ళకి చదువొస్తే ఇలా ఉంటాది అనిపించింది. మొత్తం తాగీసాను. గిన్నె ఎత్తి.

22 జూన్

అల్లుడు రాలేదు. డ్యూటీ అని ఫోను.

29 జూన్, ఆదివారం

వచ్చాడు. ధనరాజ్ మా రెండు టేబుళ్ళూ ఖాళీగా ఉంచాడు. ఒకరెవరో కూర్చోబోతే, అది అత్తా అల్లుళ్ళదండి, అటు కూకోండి అన్నాడు.

సగం గిన్నె అయ్యాక వెనక నుంచి అత్తా అన్నాడు. ఊ అన్నాను. స్పూను కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వాళ్ళమ్మ ఒక సంబంధం చూసిందట. పలాస అమ్మాయి. రాధిక. బట్టల షాపులో పని చేస్తాదట. ముప్పై ఏళ్ళు, తండ్రి పోయి చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి తనది ఉండిపోయిందట. పోయిన ఆదివారం డ్యూటీ కాదట, అక్కడికే వెళ్ళాడట. అబద్ధం చెప్పినందుకు సారీ అత్తా అన్నాడు. మీరు సరే అంటేనే అన్నాడు.

ఎదురుగా ఉంటే ఈ మాట చెప్పగలిగేవాడు కాదు. నేనూ వినగలిగేదాన్ని కాదు. ముందు గోడకి క్యాలెండరు ఉన్నాది, పడవ బొమ్మ. ఆ పడవని చూస్తూ విన్నాను.

ఆలోచిస్తాను బాబూ అన్నాను. మొలకలన్నీ మిగిల్చీసాను.

30 జూన్, సోమవారం. పొద్దున్న

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరూ చదవరు.

నాకు ఇష్టం లేదు.

కామేష్‌కి ముప్పై ఆరు. పెళ్ళి చేసుకోవాలి. ఎవరైనా అంటారు, నేనైతే ముందు అంటాను. గాని ఆ అమ్మాయి వచ్చాక ఆదివారాలు ఆవిడవి అయిపోతాయి. పలాసలో ఇంకో అత్త ఉంటాది. నన్ను అత్తా అని పిలిచేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన మానీస్తే విశాలి నా కూతురని చెప్పడానికి మనిషి ఉండడు. ఫొటో ఉంటాది. ఫొటో అత్తా అనదు కదా.

6 జూలై, ఆదివారం

జ్వరం అని ఫోను చేసి రావద్దన్నాను. జ్వరం లేదు.

అయినా వచ్చాడు. పార్సిలు తెచ్చాడు. నీళ్ళు ఒక కవరులో, నూడుల్స్ ఒక కవరులో, ఆకులు పొట్లంలో. జ్వరానికి ఇది మంచిదని ధనరాజ్ అల్లం ఎక్కువ వేసి ఇచ్చాడట. కవరు విప్పి, నీళ్ళు మరిగించి, గిన్నెలో పోసి, గుమ్మం దగ్గర పెట్టి ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను తినడం ఆయన చూడకూడదని. వానలో తడిసే ఉన్నాడు.

నుదుటి మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను. చల్లగా ఉన్నాది. సిగ్గేసింది. సూపు మాత్రం చుక్క మిగల్చలేదు.

8 జూలై

మా ఆయనకి చెప్పాను. ఆయన పప్పు జల్లెడ పడుతున్నాడు, ఆపలేదు. ఒసే, ఆడేటి మనింటి బీరువానా తాళమేసి దాసుకోడానికి అన్నాడు. కోపం వచ్చి వెళ్ళిపోయాను. వంటింట్లోకి వెనకే వచ్చి, పెల్లి సెయ్యకపోతే మాత్రం ఎన్నాల్లొస్తాడే, బండి పాతదైపోనాది అన్నాడు. జల్లెడ చేతిలో పట్టుకునే వచ్చీసాడు. ఆయనకీ భయమేనని అప్పుడు తెలిసింది.

13 జూలై, ఆదివారం

వీపులు పెట్టుకుని కూర్చున్నాక చెప్పాను. ఆ అమ్మాయిని ఒకసారి ఇక్కడికి తీసుకురండి బాబూ. ఇంటికి వద్దు, ఇంట్లో ఫొటో చూసి భయపడుతుంది. ఇక్కడికి.

సరే అత్తా అన్నాడు. ఇంకో గిన్నె తెప్పించుకున్నాడు. ఇన్నాళ్ళూ సగం ఆకలితో లేచేవాడని ధనరాజ్ చెప్పాడు.

20 జూలై, ఆదివారం. మధ్యాహ్నం 3

ఆషాఢంలో పెళ్ళిచూపులేటే అన్నాడు మా ఆయన. పెళ్ళిచూపులు కాదు, నూడుల్స్ తినడం అన్నాను. కొత్త చీర కట్టుకుని మరీ అన్నాడు. కొత్తది కాదు, ఉతికింది.

రాధిక బస్సు దిగి వచ్చింది. సన్నగా, పొడుగ్గా. చేతిలో జీడిపప్పు పేకెట్టు. కామేష్ ఒక టేబుల్లో, నేను ఒక టేబుల్లో వీపులు పెట్టి కూర్చున్నాం. ఆ అమ్మాయి మధ్యలో నిలబడి ఇటూ అటూ చూసింది. ఏటండీ, కోర్టు కేసేటైనా నడుస్తన్నాదా అన్నాది. కామేష్ సంగతి చెప్పాడు. పగలబడి నవ్వింది. నవ్వి, ఆయన దగ్గరికి పోకుండా నా ఎదురుగా కూర్చుంది.

గిన్నెలు వచ్చాయి. ఆకులు తుంపి ముందు నా గిన్నెలో వేసింది, తర్వాత తన గిన్నెలో. అడిగింది, విశాలి అక్క ఏటి తినీవోరు అని. ఎవరూ ఆ పేరు పైకి అనరు. నా ఎదురుగా అసలు అనరు. ఈ పిల్ల నూడుల్స్ మెలి తిప్పుకుంటూ అనీసింది. చెప్పాను. చేపల పులుసు. చింతకాయలంటే ప్రాణం. పులుసు అంటిన గరిటె నాకీసేది. ఇంకా అడిగింది. చెప్తూ పోయాను. పిల్లప్పుడు మాష్టారిని కొరికిన సంగతి కూడా. వెనకాల స్పూను ఆగిపోయింది. అది కామేష్‌కీ తెలీదట.

తర్వాత ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. పిన్నిగారూ, మీకు మనసులో ఒద్దని ఉంటే సెప్పీయండి, నేనే ఆయన్ని ఒద్దనీస్తాను, మీ పేరు రానివ్వను అన్నాది. కళ్ళలోకి చూస్తూ అన్నాది. బట్టల షాపులో బేరం చెప్పినట్టు కాదు. నిజంగానే అన్నాది.

గిన్నెలో ఆవిరి పోయింది. వద్దు అనీస్తే నా ఆదివారాలు నాకుంటాయి. ఒక్క మాట. నోటి చివర ఉన్నాది.

వెనకాల ఆయన ఊపిరి బిగబట్టినట్టు వీపుకి తెలుస్తున్నాది.

లేచాను. నా గిన్నె తీసుకుని వెనక టేబుల్కి వెళ్ళి కామేష్ ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్లని రమ్మని పక్క స్టూలు లాగాను. నూడుల్స్ తీసి నోట్లో పెట్టుకున్నాను. పొడుగ్గా వేలాడాయి. చప్పుడు చేస్తూ పీల్చాను, ఇంకెలా తింటారు వాటిని. సూపు గడ్డం మీద చిందింది.

కామేష్ తల దించుకున్నాడు. కాసేపటికి ఎత్తి, అత్తా, ఇన్ని వారాలూ వెనకాల ఆ చప్పుడు మీదేనా, నేను పక్క టేబుల్ పెద్దాయన అనుకున్నాను అన్నాడు.

రాధిక ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. ధనరాజ్ నీళ్ళు తెచ్చాడు. నేను ఎదురుగా కూర్చోవడమే సరే అన్నట్టు. పైకి ఎవరూ అనలేదు.

13 ఆగస్టు, బుధవారం

శ్రీకూర్మంలో పెళ్ళి. జల్లు పడింది. రాధిక వాళ్ళమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అక్షింతలు వేసినప్పుడు గురి తప్పింది, సగం పురోహితుడి మీద పడ్డాయి. వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. కొంచెమే. తర్వాత నిద్ర పట్టీసింది. మంచి నిద్ర.

24 ఆగస్టు

రాలేదు. కొత్త కాపరం. రాకూడదు కూడా.

31 ఆగస్టు, ఆదివారం

ఈ వారమూ రాలేదు. పదకొండు గంటలకి మా ఆయన కొట్టు మూసీసాడు. ఏటయ్యా, ఒంట్లో బాగులేదా అంటే, పద ఆ నీల్లేటో నేనూ సూస్తాను అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూయడం పెళ్ళయినప్పటి నుంచి చూడలేదు.

షాపులో పెద్ద గొడవ. ముందు అన్నం ఏదన్నాడు. ఇదే అన్నం, దారాల్లాగ చేసారు అన్నాను. మరెందుకు ఇంత కష్టపడినారు, నన్నడిగితే బియ్యం అమ్మీవోణ్ణి కదా అన్నాడు ధనరాజ్‌తో. చేత్తో తీసాడు, జారిపోయాయి. మళ్ళీ తీసాడు, చొక్కా మీద పడ్డాయి. చివరికి నూడుల్స్ నాకిచ్చీసి నీళ్ళు తాగాడు. తాగి గిన్నె దించి మళ్ళీ వాసన చూసాడు.

ఈ వాసన మన కొట్లో అనాసపువ్వుదేనే అన్నాడు. ముప్పై ఏల్లనుంచీ అమ్మతన్నాను, దీనికి ఇంత ఉన్నాదని ఒక్కడూ సెప్పనేదు. రెండో గిన్నె చెప్పాడు.

బాగా గడిచింది. నిజం చెప్తే, రెండుసార్లు గుమ్మం వైపు చూసాను. బండి చప్పుడైతే. రెండుసార్లూ వేరే బండ్లు.

7 సెప్టెంబరు

ఫోను చేసారు. బాగున్నారట. రైల్వే క్వార్టరు దొరికిందట. వస్తామన్నారు. ఎప్పుడని నేను అడగలేదు.

11 సెప్టెంబరు, గురువారం. మధ్యాహ్నం 12

రాధిక వచ్చింది. ఒక్కతే. సంచీతో. కళ్ళు ఎర్రగా.

కామేష్‌తో దెబ్బలాడిందట. కర్టెన్ల రంగు దగ్గర మొదలైందట. అలిగి వచ్చీసింది. నౌపడ నుంచి పలాస అరగంట, కన్నతల్లి అక్కడే ఉన్నాది. అటు పోలేదు. రెండు గంటలు బస్సులో కూర్చుని ఇటు వచ్చింది. ఇక్కడికి ఎందుకొచ్చావే అని అడగబోయి మానీసాను. చెప్పులు గుమ్మంలో ఒకటి అటు, ఒకటి ఇటు విసిరి లోపలికి పోయి విశాలి మంచం మీద ముసుగేసుకుని పడుకుంది. కామేష్ పిలవడానికి వచ్చేదాకా వెళ్ళదట.

చేపలకి మా ఆయన్ని పంపించాను. కామేష్‌కి ఫోను చేసి, నా పిల్లని ఏటన్నావు నువ్వు అని గట్టిగా అడిగీసాను.