కళ్లు మండే ప్రశ్న

ఒరేయ్ కాశిం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది చదవవని తెలుసు. కానీ ఈ సంగతికి నీలా నవ్వేవాడు ఊళ్లో లేడు.

గుంటూరు నుంచి ఒక కాలేజీ పంతులు మన హైస్కూలుకొచ్చాడు. పిల్లల్లో అసూయ ఎంతుందో కొలుస్తాడట. పన్నులవాళ్లు పంపిన మనిషేమోనని నా అనుమానం. అమెరికావాళ్లు రాసిన ప్రశ్నలో పక్కింటివాళ్ల కారు తీసేసి, మనకోసం మిరపకాయలు పెట్టాడు: "పక్కవాళ్ల మిరప కల్లం నిండుగా ఉంటే నీ కళ్లు మండుతాయా?"

పిల్లలంతా మండుతాయనే రాశారు. ఎండుమిరప దగ్గర మండక చస్తాయా! మీ అమ్మాయి జరీనా ఒక్కతే లేదని రాసింది. పంతులు దాన్ని అబద్ధాలకోరని క్లాసులో అందరి ముందూ అని, దాని కాగితం తీసి పక్కన పడేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఊరు చూపిస్తానని పంతుల్ని తీసుకెళ్లి, కల్లం పక్కన గాలికి ఎదురుగా కూర్చోబెట్టాను. కళ్లూ ముక్కూ కారిపోయాయి.

"ఎవరిమీదండీ తమకంత కుళ్లు?" అన్నాను.

ఆ ప్రశ్న కొట్టేసి, జరీనా కాగితం మళ్లీ కట్టలో పెట్టాడు. పోతూ పోతూ ఊళ్లో కల్లాలెన్నని అడిగాడు. చూశావా, నా అనుమానం!

లేదని ఎందుకు రాశావే అంటే, "నాన్న పోయాక కల్లాలవైపే వెళ్లలేదు బాబాయ్" అంది జరీనా.

మీ ఇంటి నుంచి తిరిగొస్తూ నీ కల్లం మీదుగా వచ్చాను. ఈ ఏడు అక్కడ ఒక్క కాయ లేదు. అయినా కళ్లు మండాయిరా. పంతులు చూడలేదులే.