ఉగాది దాకా ఎవరి తప్పూ చెప్పను

మార్చి 17, సోమవారం. ఉదయం 6:10
సీఏ పాసై రెండు నెలలు దాటింది. ఇంటర్వ్యూలు మూడు. ఉద్యోగాలు సున్నా. మొన్నటి చోట హెచ్‌ఆర్ ఆవిడ మొహం మీదే చెప్పింది: సబ్జెక్టు బాగుందట, కానీ ప్రతిదాంట్లో తప్పులు వెతుకుతానట. నేనేమన్నాను? వాళ్ళ ప్రశ్నపత్రంలో మార్కులన్నీ కలిపితే తొంభై ఎనిమిదే వస్తున్నాయన్నాను. అంతే!

ఉగాదిలోపు ఉద్యోగం రాకపోతే ఎస్.కోటలో రమేష్‌బాబు బావ ఎరువుల కొట్లో కూర్చోవాలి. నాన్న మాటిచ్చేశారు.

తీర్మానం: ఉగాది దాకా ఎవరి తప్పూ చెప్పను. చూస్తాను, నవ్వుతాను, ఊరుకుంటాను.

సాయంత్రం 6:00
ఒక్క తప్పూ చెప్పలేదు! (గదిలోంచి బయటికి రాలేదు.)

మార్చి 18, మంగళవారం
శుక్రవారం విశాఖలో ఇంటర్వ్యూ! పెద్ద ఆడిట్ సంస్థ!
సాధన కోసం అమ్మతో విజయనగరం బజారంతా తిరిగాను. టిఫిన్ సెంటర్ బోర్డు మీద ఇంకా 'సోమవారం స్పెషల్' అనే ఉంది. నవ్వాను. కూరలావిడ కూడిక తప్పింది. నవ్వాను. అమ్మకి భయం వేసింది. "ఏటే, ఒంట్లో బాగోలేదేటి?" అని నుదురు పట్టుకుని చూసింది.

మార్చి 19, బుధవారం
సూరయ్య పెదనాన్న మనవరాలి పెళ్ళికి బస్సుల లిస్టు పట్టుకొచ్చారు. జనం నూట ముప్పై ఒకరు. బస్సులు రెండు. ఒక్కోదానిలో యాభై రెండు సీట్లు. పావుగంట ఓర్చుకున్నాను. దేవుడి సాక్షిగా ఓర్చుకున్నాను. తర్వాత, ఇరవై ఏడుగురు నిలబడాలి పెదనాన్నా అన్నాను.
పెదనాన్న పెన్ను తీసి పేర్లు కొట్టెయ్యడం మొదలుపెట్టారు. మొదట మా ఇంటి నాలుగు పేర్లు.
నాన్న తల పట్టుకున్నారు. "నీ సదువు బాగానే ఉన్నాది గానీ, నీ నోటికి ఉజ్జోగం ఎవులిస్తారే?"

మార్చి 20, గురువారం
నిన్నటిది తప్పు చెప్పడం కాదు, సీట్లు లెక్కపెట్టడం. తీర్మానం చెక్కుచెదరలేదు. ఈ రోజు మినహాయింపులు:
నాన్న మాత్రల గడువు తేదీ (ఆరోగ్యం).
కండక్టరు ఇచ్చిన చిల్లర (సొంత ఆస్తి).
టీవీలో వార్తలాయన (ఆయనకి వినపడదు).
పక్కింటి తాయారు గారి ముగ్గులో చుక్కలు (నోరు జారింది).

మార్చి 21, శుక్రవారం. విశాఖ
ఇంటర్వ్యూ చేసే చూడామణి మేడమ్ ఒక బ్యాలెన్స్ షీట్ చేతిలో పెట్టి, ఎలా ఉందో చెప్పమన్నారు. రెండు వైపులా మొత్తాలే కలవలేదు! చూశాను. నవ్వాను. చాలా బాగుంది మేడమ్ అన్నాను. ఆవిడ వెళ్ళిరమ్మన్నారు.
మంగళవారం తర్వాత తీర్మానం నిలబెట్టుకున్నది ఆ పది నిమిషాలే.
బస్సు మెట్టు మీద కాలు పెట్టాక ఇక నావల్ల కాలేదు. వెనక్కి పరుగెత్తాను. తలుపు తోసుకుని వెళ్ళి ఏడు తప్పులూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.
"మేం కావాలని పెట్టినవి ఐదే, రేఖా" అన్నారు మేడమ్. మిగతా రెండూ కాగితం మీద రాసుకున్నారు.

మార్చి 24, సోమవారం. సాయంత్రం 4:00
ఉద్యోగం వచ్చింది!! అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కొట్టుకి వేరే మనిషిని చూసుకోమని నాన్న బావకి ఫోన్ చేసేశారు.
ఆఫర్ లెటర్‌లో చేరాల్సిన తేదీ: ఏప్రిల్ 31.

4:05
నవ్వాను. "ఒసే, సంతకం పెట్టీసి ఊరుకో. ఇంకేటీ సూడకు" అన్నారు నాన్న.

4:10
ఊరుకున్నాను.

4:12
మెయిల్ పంపేశాను. తేదీతోపాటు ఇంకో మూడు తప్పులు కూడా. నాన్న మళ్ళీ బావకి ఫోన్ చేస్తున్నారు.

5:20
మేడమ్ జవాబు: 'నువ్వే మాకు కావాలి. మే ఒకటిన వచ్చి చేరు.'
మే ఒకటి. మేడే. ఆఫీసుకి సెలవు.

5:21
తీర్మానం రేపటి నుంచి.