నువ్వు టేపేసిన రెక్కలు

అమ్మడూ,

డ్రోన్ బ్యాటరీ చార్జింగ్‌లో ఉంది, రాగానే తీసెయ్యి. రేపు పోటీలో కంపెనీ రెక్కలు బిగించకు. నువ్వు బయట కొన్నవే ఉంచు. అవి నాసిరకమని నిన్న ఒంటికాలి మీద లేచింది నేనే, కాదనను. నువ్వు కాలేజీకి వెళ్లాక మేడెక్కి రెండు రకాలూ మార్చి మార్చి ఎగరేశాను. నీవాటితోనూ వీడియోలో ఇసుమంత వణుకు లేదు. తీసి చూస్తే, బరువు సరిపోవాలని తేలికవైపు గోరంత టేపు ముక్క అంటించావు! ముప్పై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాను, నాకే తట్టలేదు. మరి నాకొక్క మాట చెప్పొచ్చుగా?

నాన్న

అన్నట్టు, డబ్బాలో నువ్వు టేపేసిన స్పేర్ రెక్క ఒకటి తగ్గిందని కంగారుపడకు. నా జేబులో ఉంది. మన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించాలి.